ఎవరి తాలూకు? (ఏడో భాగం)

"సూ షెఫ్ అంటే ఏంటన్నయ్యా, వంటమేస్త్రీయేనా?" అని మొన్న మా పేట కుర్రాడొకడు ఫోన్ చేసి అడిగాడు. ఆరు భాగాల నుంచీ ఆ మాట రాసుకుంటూ పోతున్నాను గానీ ఒక్కసారీ విప్పి చెప్పలేదు. తప్పు నాదే.

"సూ" ఫ్రెంచి మాట. కింద అని అర్థం. షెఫ్ కింద ఉండేవాడు సూ షెఫ్. పెద్ద హోటళ్ళ వంటగదికి ఈ మెట్లు కట్టింది ఒగుస్త్ ఎస్కోఫియే అనే ఫ్రాన్సు ఆయన. సైన్యంలో వంట చేసొచ్చిన మనిషి. 1890లో లండన్ సవాయ్ హోటల్ వంటగదికి పెద్దగా వెళ్ళి, సైన్యంలో ఉన్నట్టే వంటవాళ్ళకీ హోదాలు పెట్టాడు. చేపల దగ్గర ఒకడు, మాంసం కాల్చే దగ్గర ఒకడు, సాసుల దగ్గర ఒకడు, అందరి మీదా ఒకడు. ఇవాళ హైదరాబాదులో నేను పనిచేసే ఫైవ్ స్టార్ హోటల్లోనూ అదే పద్ధతి. ట్రైనీ, కమీ మూడు, కమీ రెండు, కమీ ఒకటి, డెమీ, షెఫ్ ద పార్టీ, ఆ పైన సూ షెఫ్, ఆ పైన ఎగ్జిక్యూటివ్ షెఫ్.

నిచ్చెన మెట్లు అనగానే మనకి ఇంకోటి గుర్తొస్తుంది కదా. కాకపోతే ఈ నిచ్చెన ఎక్కనిస్తారు. 2014లో ట్రైనీగా ఉల్లిపాయలు ఒలవడంతో మొదలుపెట్టినవాణ్ణి, 2022 ఆఖరికి సూ షెఫ్ అయ్యాను. ఇంత ఎక్కాక కూడా పేరులో "కింద" ఉండిపోయింది. అది వేరే సంగతి.

పనేంటంటే, వండటం కన్నా వండించడం. పొద్దున్నే స్టోర్స్ నుంచి వచ్చిన సరుకు చూసుకోవాలి. చేప కన్ను చూడాలి, మొప్ప ఎత్తి చూడాలి. ఎవరు ఏ డ్యూటీలో ఉంటారో రోస్టర్ రాయాలి. ఫ్రిజ్ ఐదు డిగ్రీలు దాటిందా, కోడిమాంసం లోపల 75 డిగ్రీలు పట్టిందా అని థర్మామీటరు గుచ్చి చూడాలి. పచ్చి మాంసానికి ఎర్ర పలక, చేపకి నీలం పలక, కూరగాయలకి ఆకుపచ్చ పలక. ఒకదాని మీద కొయ్యాల్సింది ఇంకోదాని మీద కోస్తే నా చేత తిట్లు తినాలి. ఇదొక్కటే నాకు నచ్చిన అంటు. ఆ అంటు సూక్ష్మజీవుల్ని బట్టి ఉంటుంది, పుట్టుకని బట్టి ఉండదు.

ఇక సాయంత్రం ఏడు దాటాక "పాస్" దగ్గర నిలబడాలి. అంటే వంటగదికీ, వడ్డించేవాళ్ళకీ మధ్య ఉండే పొడుగాటి గట్టు. ప్రతి పళ్ళెం అక్కడికొచ్చే పోవాలి. చారైనా, సాసైనా, పులుసైనా నేను చెంచాతో నాలిక మీద వేసుకుని చూసి ఊఁ అంటేనే బయటికి కదిలేది. ఒకసారి వాడిన చెంచా మళ్ళీ గిన్నెలో పెట్టం, ఎంగిలి సంగతి బాగా చూసుకుంటాం. అయినా రోజూ రెండు మూడొందల మంది పెద్దవాళ్ళు తినేది మాలపేట కుర్రాడు ముందుగా రుచి చూసి పంపిన కూడే. వాళ్ళకి తెలీదు. తెలియాల్సిన పని కూడా లేదనుకునేవాణ్ణి.

అలా అనుకోవడం ఎక్కడ చెడిందో చెప్పడానికే ఈ భాగం.

2023 జూన్‌లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ గుర్తింపు వచ్చింది. ఆత్రేయపురం మా రావులపాలేనికి పక్కనే. పేపర్లలో, టీవీల్లో ఎక్కడ చూసినా గోదావరి రుచులే. మా హోటల్ వాళ్ళు ఊరుకుంటారా? ఆగస్టులో పది రోజులు గోదావరి ఫుడ్ ఫెస్టివల్ అన్నారు. ఎర్రనీరు వచ్చి పులస ఎదురెక్కే రోజులు కూడా కలిసొచ్చాయి. ఆ ప్రాంతం వాడివి నువ్వే కాబట్టి మెనూ నువ్వే రాయి అని ఎగ్జిక్యూటివ్ షెఫ్ నాకు అప్పజెప్పాడు. ఆయన ఉత్తరాది మనిషి, పని తెలిసినవాడు, నా మీద నమ్మకం ఉన్నవాడు.

రాయడానికి కూర్చున్నాను. పులస పులుసు, బొమ్మిడాయిల పులుసు, పనసపొట్టు కూర, కంద బచ్చలి, రాజుగారి కోడిపలావు, పూతరేకులు, కాజాలు. రాస్తుంటే ఒకటి గమనించాను. మన తెలుగు మెనూల్లో కులం పేర్లు ఎంత ధైర్యంగా కూర్చుంటాయో చూశారా? రాజుల పలావు, బ్రాహ్మణ పులిహోర, ఫలానా వారి కోడివేపుడు. ఆ పేరు పెడితే ధర పెరుగుతుంది, నోరూరుతుంది. మరి మా అమ్మ చేసే కూరకి ఏ పేరు పెట్టను? మాలవారి నత్తల ఇగురు అని ఏ హోటల్ అట్టమీదైనా అచ్చేస్తారా?

నత్తల మాట వచ్చింది కాబట్టి కొంచెం ఆగుతాను. మా వైపు వేసవిలో కాలవలు కట్టేస్తారు. కాటన్ దొర ఆనకట్ట నుంచి వచ్చే నీళ్ళు ఆపేసి మరమ్మతులు చేసుకునే కాలం అది. నీళ్ళు తగ్గిన కాలవలో బురద తేలేసరికి మా పేట ఆడోళ్ళు, పిల్లలు బుట్టలు పట్టుకుని దిగేవాళ్ళం. నత్తలు ఏరి, రాత్రంతా నీళ్ళలో వదిలేస్తే కడుపులో మట్టి కక్కుతాయి. పొద్దున్న ఉడకబెట్టి, పిన్నీసుతో లోపలి కండ బయటికి లాగి, జిగురు పోయేదాకా ఉప్పూ పసుపూ వేసి రుద్ది రుద్ది కడిగి, అప్పుడు ఉల్లిపాయలూ కారంతో ఇగరబెట్టేది అమ్మ. బడిలో మాత్రం మమ్మల్ని "నత్తగుల్లలోళ్ళు" అనేవారు. పొద్దున ఆ కూర తిని వెళ్తే నోరు దగ్గరికి తెచ్చి మాట్లాడటానికి భయమేసేది నాకు.

తర్వాత 2015లో, ఇదే ఊళ్ళో వేరే హోటల్లో కాంటినెంటల్ విభాగంలో కమీగా ఉన్నప్పుడు, ఒక డబ్బా ఇచ్చి తెరవమన్నారు. ఫ్రాన్సు నుంచి వచ్చిన డబ్బా. ఎస్కార్గో. తెరిచి చూస్తే నత్తలు! వెల్లుల్లి, పార్స్లీ, వెన్న పెట్టి గుల్లల్లో కూరి కాల్చి, ఆరేసి లెక్కన పళ్ళెంలో పెట్టి పంపేవాళ్ళం. ఆ ఆరింటి ధరకి మా నాన్న వారం కూలి సరిపోయేది కాదు. నా పక్కనుండే బెంగాలీ కుర్రాడు ఆ డబ్బాలోకి తొంగిచూసి, "ఇవి మా ఊళ్ళో గుగ్లి" అని నవ్వాడు. నేనూ నవ్వాను. వాడిదే కులమో నేను అడగలేదు, వాడూ నన్ను అడగలేదు. ఇద్దరం ఆ పూట డబ్బాలో మిగిలిన నీళ్ళలో వేలు ముంచి నాకి చూశాం. మా అమ్మ కూర ముందు ఆ డబ్బా నత్తలు బలాదూర్, ఇది పక్షపాతం కాదు, వృత్తిధర్మంగా చెబుతున్నాను.

కాబట్టి గోదావరి మెనూలో నత్తలు రాశాను. ఎగ్జిక్యూటివ్ షెఫ్ అవేంటన్నాడు. ఎస్కార్గో అన్నాను. అది ఫ్రెంచి మెనూలో ఉందిగా అన్నాడు. "అవి ఫ్రాన్సువి షెఫ్, ఇవి మా కాలవవి" అన్నాను. ఆయన సరదాపడ్డాడు గానీ, పక్కనున్న ఫుడ్ అండ్ బెవరేజ్ మేనేజర్ గారు మన తెలుగాయనే, ఆయనకి మొహం మారింది. "గోదావరి అంటే జనం కళ్ళ ముందు ఒక బొమ్మ ఉంటుందయ్యా. కొబ్బరిచెట్లు, అరిటాకు, నెయ్యి. అందులో నత్తలెందుకు?" అన్నారు. పైన "డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా" అని నేను రాసిన చోట కూడా వేలు పెట్టి, కోనసీమ చాలు అన్నారు. 2022 మే 24న ఆ పేరు వద్దని అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. మా హోటల్లో అగ్గిపుల్ల కూడా అక్కర్లేకపోయింది. పెన్నుతో ఒక గీత, అంతే.

చివరికి నత్తలు పోయి, గోంగూర ఎండురొయ్యలు మిగిలాయి. అదీ అమ్మ కూరే. నూనెలో కాదు, ముందు పొడి బాండీలో రొయ్యల్ని వేయించి, తల, తోక నలిపి చెరిగేసి, గోరువెచ్చటి నీళ్ళలో రెండుసార్లు కడిగి, గోంగూర మగ్గిన తర్వాతే వెయ్యాలి. ముందే వేస్తే తోలులా సాగుతాయి. మెనూలో దాని కింద "అమ్మమ్మల నాటి వంట" అని వేశారు. ఏ అమ్మమ్మో వెయ్యలేదు.

ఫెస్టివల్లో పులస కన్నా అదే ఎక్కువ పోయింది. పులస ఒక్కో చేప వేలల్లో ఉంటుంది కాబట్టి అందరూ అడగరు, అదొక కారణం. ఇంకో కారణం, బాగుంది కాబట్టి.

ఆరో రోజో ఏడో రోజో రాత్రి, ఒక టేబుల్ వాళ్ళు షెఫ్‌ని పిలవమన్నారని కబురొచ్చింది. తిన్నవాళ్ళు మెచ్చుకోవాలనుకుంటే అలా పిలిపిస్తారు. చేతులు కడుక్కుని, తెల్లకోటు గుండీలు సర్దుకుని వెళ్ళాను. మూడు తరాల కుటుంబం. పెద్దాయనకి డెబ్భై దాటి ఉంటాయి, పంచె, చేతికి వాచీ. మా వైపు వాళ్ళేనని ఆయన "ఆయ్" అనడంలోనే తెలిసిపోయింది.

"గోంగూర ఎండురొయ్యలు నువ్వే చేశావా బాబూ?"

"ఆయ్, నేనేనండి."

"మా అమ్మ పోయాక మళ్ళీ ఇదే తినడం. రెండుసార్లు వేయించుకున్నాను. ఏ ఊరు మనది?"

"రావులపాలెమండి."

"ఓరి! మనం పక్కూరోళ్ళమే. రావులపాలెంలో ఎవరి తాలూకు?"

గోదావరి జిల్లాల వాళ్ళకి ఈ ప్రశ్న విడమర్చి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి చెబుతాను. నీ కులమేంటి అని మా వైపు ఎవరూ అడగరు, అంత మోటుతనం ఉండదు మా దగ్గర. ఎవరి తాలూకు అంటారు. ఏ వీధి అంటారు. మీ ఇల్లు గుడికి ఇవతలా అవతలా అంటారు. మూడు ప్రశ్నల్లో మనిషి కొలత తీసేస్తారు, అదీ ఎంతో ఆప్యాయంగా, భుజం మీద చెయ్యేసి.

నాకు అక్కడ ఒక్క క్షణం పట్టింది. పాస్ దగ్గర ఇరవై పళ్ళేలు ఒకేసారి వచ్చినా తడబడనివాణ్ణి.

"మేం రాజమండ్రిలో పెరిగామండి. నాన్నగారు బ్యాంకులో చేసేవారు. ఊళ్ళో ఇప్పుడెవరూ లేరు" అన్నాను.

ఆయన తలూపారు. "అదీ, నేననుకుంటూనే ఉన్నాను. చేతిలో ఆ శుభ్రం ఉంది చూశావా, మంచి ఇంటి పిల్లాడివని తెలిసిపోతుంది" అని కోడలితో చెప్పి, ఐదొందల నోటు నా కోటు జేబులో పెట్టారు.

ఆ నోటు టిప్ బాక్సులో వేశాను. నెలాఖరుకి అందరికీ పంచితే, గిన్నెలు కడిగే స్టీవార్డింగ్ వాళ్ళతో సహా, తలకి ఏడో ఎనిమిదో రూపాయలు వచ్చి ఉంటాయి. ఆ స్టీవార్డింగ్ విభాగంలో ఎవరి తాలూకు అని ఎవరూ ఎవర్నీ అడగరు. అడగాల్సిన పని లేదు కాబట్టి.

మిత్రులారా, ఇక్కడ మీరు నన్ను తిట్టుకోవచ్చు. ఆరు భాగాలుగా ఆత్మగౌరవం అంటూ రాసినవాడు, నాన్నని బ్యాంకులో వేసి బతికాడా అని. మా నాన్న ముప్పై ఏళ్ళు రావులపాలెం అరటి మార్కెట్లో గెలలు మోశాడు. కర్పూరం, చక్రకేళి, అమృతపాణి, బొంత. తెల్లవారుజామున బండ్ల మీద నుంచి దించి, మధ్యాహ్నం లారీల్లోకి ఎక్కించడం. అరటి జిగురు చొక్కాకి పడితే ఆ మరక ఏ సబ్బుకీ పోదు. మా నాన్నకి ఉన్న రెండు చొక్కాలూ నల్లమచ్చలే. కుడి భుజం మీద ఇప్పటికీ గట్టిగా గుప్పెడంత కాయ ఉంటుంది. ఆ కాయ మీద ఎక్కి చదువుకున్నాను నేను.

అమ్మ సంగతి ఇంకోటి. అది చెప్పకపోతే ఈ కథ పూర్తవదు.

2003 జనవరిలో మన రాష్ట్రంలో బడుల్లో మధ్యాహ్నం వేడన్నం వండి పెట్టడం మొదలైంది. అంతకు ముందు బియ్యం ఇచ్చేవాళ్ళు. పిల్లలకి వండిన అన్నమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో చెప్పింది, అందుకని. మా మండలంలోని మా ఊళ్ళో ఆ వంట డ్వాక్రా సంఘానికి వచ్చింది, సంఘంలో అమ్మకి వచ్చింది. నాది నాలుగో తరగతి. పిల్లాడికి 100 గ్రాముల బియ్యం లెక్క. ఎనభై మంది పిల్లలకి ఎనిమిది కిలోలు. ఇటుకలు పేర్చిన పొయ్యి మీద ఎనిమిది కిలోల అన్నం ఒక్క మెతుకు మాడకుండా వార్చింది అమ్మ. మొదటి రోజు కదా, కొత్త చీర కట్టుకుని వెళ్ళింది.

గంట కొట్టారు. మా పేట పిల్లలం పళ్ళేలు పట్టుకుని కూర్చున్నాం. మిగతావాళ్ళు లేచి ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఎవరూ ఏమీ అనలేదు, గొడవ జరగలేదు. వాళ్ళమ్మలు ముందురోజే చెప్పి పంపారు, అంతే. సగానికి పైగా అన్నం గంగాళంలో మిగిలిపోయింది. అమ్మ గరిట పట్టుకుని అలాగే నిలబడింది. నేను మూడుసార్లు పెట్టించుకుని తిన్నాను. కడుపు పగిలిపోతోంది, అయినా తిన్నాను. ఆ వయసులో నాకు తోచిన సాయం అదే.

వారం గడిచాక రాజీ కుదిర్చారు. అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు. కూరగాయలు కొయ్యొచ్చు, కట్టెలు తేవచ్చు, గంగాళాలు తోమొచ్చు. వండి వడ్డించడానికి సంఘంలో ఇంకో కులం ఆవిడ. అమ్మ ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది? ఇంట్లో మేం ముగ్గురం.

అయితే ఆ రెండో ఆవిడకి నలుగురికి వండటం వచ్చు గానీ ఎనభై మందికి రాదు. తోట్లో గంగాళం తోముతున్న అమ్మ దగ్గరికి వచ్చి, చెంగు అడ్డం పెట్టుకుని అడిగేది. "అక్కా, పప్పులో ఉప్పెంత?" అమ్మ తల ఎత్తకుండానే చెప్పేది. "పిడికెడు, ఇంకో అరపిడికెడు." "చింతపండు?" "కొబ్బరికాయంత." అలా రెండేళ్ళు ఊళ్ళో పిల్లలందరూ అమ్మ చెప్పిన ఉప్పే తిన్నారు. తర్వాత ఆ ఆవిడ కూతురి కాన్పుకని వెళ్ళి మళ్ళీ రాలేదు, అమ్మ మళ్ళీ పొయ్యి దగ్గరికి జరిగింది. అప్పటికి పిల్లలు కూర్చోవడం అలవాటైపోయి లేవలేదు. పేట కాని పిల్లలు కొంతమంది మాత్రం చివరిదాకా డబ్బాలే తెచ్చుకున్నారు.

వంట పనిలో దళితులకే మొదటి అవకాశం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మ గంగాళాలు తోముతున్న రోజులవి. ఆ ఆర్డరు ఢిల్లీలో ఉంది, గంగాళం మా ఊళ్ళో ఉంది. నేను దాని గురించి చదివింది డిగ్రీ అయ్యాకే.

అమ్మ ఇంకా అదే పని చేస్తోంది. 2024లో ఆ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ మా కోనసీమ మనిషే, లంకల గన్నవరం. ఆకలన్నవాడికి లేదనకుండా పెట్టిన తల్లి, ఆవిడంటే నాకు గౌరవమే. పెట్టిన చేతికి పేరు మిగిలింది. వండి అంట్లు తోమే చేతులకి నెలకి 3,000 గౌరవ వేతనం.

ఫెస్టివల్ అయ్యాక ఊరు వెళ్ళాను. బ్యాంకు సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను. రాత్రి అన్నాల దగ్గర చెప్పేశాను. అమ్మ తిడుతుందనుకున్నాను.

"ఆయనకి నచ్చిందా?" అంది.

"నచ్చింది. రెండుసార్లు పెట్టించుకున్నాడంట."

"రొయ్యలు ఆఖర్నే వేశావు కదా?"

"ఆఖర్నే వేశాను."

అమ్మ మొహంలో సంతోషం చూసి నాకు అన్నం దిగలేదు. మంచం మీద నుంచి నాన్న అన్నాడు, "అయితే నన్ను బ్యాంకులో వేశావన్నమాట. జీతం ఎంతన్నావేంటి?" అని. కోపం లేదు ఆ గొంతులో. అందుకే ఇప్పటికీ చెవిలో ఉంది.

చాలా రోజుల తర్వాత ఒక మిత్రుడికి చెబితే, ఆయన బాబాసాహెబ్ బరోడా సంగతి గుర్తుచేశాడు. కొలంబియాలో చదివొచ్చి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్తే ఆయనకి ఉండటానికి చోటు దొరకలేదు. పార్శీల సత్రంలో పార్శీ పేరు రాయించుకుని, రోజుకి రూపాయిన్నర కట్టి దిగారు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి గెంటేశారు. రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్ళు అని పేరుపెట్టి మరీ రాసి ఉంటుంది, కులాన్ని బట్టి అక్కడికి రావద్దనడానికి లేదని. ఆ సత్రం గుర్తుండే అలా రాయించారేమో అని నా ఊహ. మిత్రుడు నన్ను ఓదార్చడానికే చెప్పాడు గానీ, నాకు ఓదార్పు దొరకలేదు. ఆయన తల దాచుకోవడానికి పేరు మార్చుకున్నారు. నేను మెచ్చుకోలు కోసం మార్చాను.

మరుసటి ఏడు మాఘమాసంలో ఒక పెళ్ళి వచ్చింది. నాలుగొందల యాభై మందికి శాకాహారం. పెళ్ళివారి షరతు ఏంటంటే వంటగదిలో "మన సంప్రదాయం తెలిసినవాళ్ళే" ఉండాలి. ఆ మాటకి అర్థం బ్యాంక్వెట్ సేల్స్ అబ్బాయికి తెలుసు, నాకూ తెలుసు. అతను నా దగ్గరికి వచ్చి ఎంతో మర్యాదగా, "షెఫ్, వరసగా పనిచేస్తున్నారు, ఆ రెండు రోజులు ఆఫ్ తీసుకోకూడదూ?" అన్నాడు.

నాకు ముందు కోపం రాలేదు. ఆశ్చర్యం వచ్చింది. నేను ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదే! ఇంటిపేరు పట్టుకున్నారో, నా లాకరు తలుపు లోపల ఉన్న బాబాసాహెబ్ బొమ్మ చూశారో, మొత్తానికి అందరికీ తెలుసు. ఇన్నేళ్ళూ తెలుసు. మరి నేను నాన్నని బ్యాంకులో పెట్టి దాచింది ఎవరి దగ్గర?

"ఆఫ్ వద్దు. ఆ రోజు డ్యూటీ నాది" అన్నాను. అది ధైర్యం అనుకోకండి, రాత్రి పదకొండైంది, కాళ్ళు లాగేస్తున్నాయి, అబద్ధం ఆలోచించే ఓపిక లేదు. తర్వాత ఎగ్జిక్యూటివ్ షెఫ్ పిలిచి అడిగితే, "నేను మాలవాణ్ణి షెఫ్, అందుకని నన్ను ఆఫ్ తీసుకోమన్నారు" అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కాసేపు కాగితాలు సర్దుకుని, "రోస్టర్ నాది. నువ్వే ఉంటావు" అన్నాడు. నేను గుమ్మం దాకా వెళ్ళాక, "ఇది ఇక్కడితో వదిలెయ్" అని కూడా అన్నాడు. రెండు మాటలూ ఆయనవే. పెళ్ళి బాగా జరిగింది. పులిహోర చాల్లేదు, మళ్ళీ కలిపించాను. ఉప్పు నేనే చూశాను.

మొన్న ఏప్రిల్ 14కి పేటలో భోజనాలు. కాలవలు ఇంకా కట్టలేదు, అయినా చెరువులో నత్తలు దొరికాయి. రెండు వందల మందికి వంట. అమ్మ పీట మీద కూర్చుని ఆజ్ఞలు, నేను కింద. పిన్నీసుతో లాగిన నత్తకండ కడిగి ఆవిడ ముందు పెడితే, "ఇంకా జిగురుంది, మళ్ళీ కడుగు" అని రెండుసార్లు తిప్పి పంపింది. ఫ్రాన్సు డబ్బా నత్తల సంగతి చెబితే, "డబ్బాలోవి ఎవడు తింటాడ్రా" అని తేల్చేసింది.

మర్నాడు రాజమండ్రిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ అందుకోవాలని రావులపాలెంలో బస్సెక్కాను. పక్క సీట్లో ఒక పెద్దాయన. బస్సు కదలకముందే మొదలుపెట్టారు. ఎక్కడ ఉద్యోగం అన్నారు. హైదరాబాదులో హోటల్లో వంటండి అన్నాను. హోటల్ పేరు అడిగి, విని, కొంచెం నిటారుగా కూర్చున్నారు.

"అంత పెద్ద హోటల్లోనా! ఊళ్ళో ఎవరి తాలూకు బాబూ?"

నాన్న పేరు చెప్పాను. "అరటి మార్కెట్లో గెలలు మోసేవాడండి. మాది మాలపేట."

"ఓహో" అన్నారు. కిటికీ వైపు చూశారు. కాసేపటికి, "అక్కడ వంటకి మీవోళ్ళని కూడా పెట్టుకుంటారా?" అన్నారు.

"ఆయ్, పెట్టుకుంటారండి."

నా కాళ్ళ దగ్గర సంచిలో అమ్మ కట్టిచ్చిన ఎండురొయ్యలు. ఎండకి వాసన లేచింది. "ఏంటబ్బాయ్ ఆ వాసన?" అన్నారు. చెప్పాను. "మా ఇంట్లోనూ ఇష్టంగానే తింటాం" అన్నారు. అంటూనే, సంచి తగలకుండా కాళ్ళు కొంచెం అటు జరుపుకున్నారు.

బస్సు వంతెన ఎక్కింది. కింద గౌతమి ఒక పక్కకి సన్నగా పారుతోంది, మిగతా అంతా ఇసుక తిన్నెలు. జొన్నాడలో ఆయన దిగిపోయారు. నేను సంచి తీసి ఆయన ఖాళీ చేసిన సీట్లో పెట్టుకున్నాను.